పాట ఆపిన డీజే

మా చిన్నబ్బాయి పెళ్లికి ఏ డీజేని మాట్లాడాలో తేల్చుకోవడానికి స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక బరాత్ ఊరేగింపు చూడబోయాం. సౌండుకి గుండెలు అదరాలట మా ఆయనకి!

ఆ గుంపులో నాలుగేళ్ల మనవరాలు చిన్ని నా చెయ్యి ఎప్పుడు వదిలేసిందో తెలియలేదు. "చిన్నీ!" అని అరిస్తే నా గొంతు నాకే వినిపించలేదు. డీజే బండి రివర్స్ అవుతోంది. పరుగెత్తి ఆ బండిని రెండు చేతులతో బాదాను.

"పిల్ల కనవడ్తలేదు బిడ్డా!"

డీజే కుర్రాడు నా ముఖం చూసి పాట ఆపేశాడు, బండీ ఆపించాడు. అప్పుడు వినిపించింది, వెనక చక్రం పక్కనుంచి "అమ్మమ్మా" అన్న ఏడుపు.

మా ఆయన చిన్నిని గుండెకు హత్తుకుని, "ఈ పిలగాన్నే మాట్లాడుదాం. ఎప్పుడు ఆపాల్నో ఎరుకున్నోడు" అన్నారు.

పెళ్లిలో అందరూ చేతులు పైకెత్తి ఆడారు. నేను మాత్రం చిన్ని చెయ్యి వదల్లేదు.