మా చిన్నోని కోసం చేయించిన ప్రార్థన

ఎనిమిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. దేవుడికి చెప్పుకున్నాను, చాలాసార్లు. మనుషులకే చెప్పలేదు. దేవుడికి చెప్పడం సులువు, ఆయన మరునాడు కూరగాయల బండి దగ్గర ఎదురుపడి మొహంలోకి చూడడు. ఈ రోజు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే నా ధైర్యం.

మాది వనపర్తి. బడిలో పంతులమ్మగా చేసి దిగిపోయాను. మా ఆయన పోయాక ఇంట్లో ఒక్కదాన్నే. కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు నాగర్‌కర్నూల్‌లో ఉంటారు. ఆయన పోయిన ఏడాదే, పెబ్బేరు సంతకు ఎడ్ల కోసం వెళ్ళిన మా మరిది అక్కడ ఒక బండి కింద దొరికిన కుక్కపిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. దానికి చిన్నోడు అని పేరు పెట్టాను. మా వైపు ఏ ఇంట్లోనైనా ఆఖరి మగపిల్లవాణ్ని అలాగే పిలుస్తారు. ఆ పేరే ఇంత పని చేస్తుందని నాకేం తెలుసు?

మా గోడ పక్క గదిలో సుందరమ్మ ఉండేది. అమరచింత నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. భర్త లేడు, పిల్లలు లేరు. మా చర్చి ఊడ్చి చాపలు పరిచేది. సాయంత్రం అయితే మా గడప మీద కూర్చుని, చెప్పిన సంగతే మళ్ళీ చెప్పేది. నాకు విసుగు. దాచుకోవడం ఎందుకు, ఆమె గొంతు వినబడగానే నా నుదురు ముడిపడేది. చిన్నోడు మాత్రం ఏమీ చెప్పడు, ఏమీ అడగడు, నేను వాకిట్లోకి రాగానే తోకతో పాటు ఒళ్ళంతా ఊపుతాడు. మనిషిని భరించాలి, కుక్కను భరించక్కర్లేదు. నా ప్రేమంతా ఇలా సులువైన వైపుకే జారిపోయిందని అప్పుడు నాకు తెలియలేదా? తెలిసినట్టే ఉంది.

ఒక శనివారం పొద్దున సుందరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. కూర్చోలేదు. అదే వింత. తలుపు పట్టుకుని ఉంది.

"టీచరమ్మా, రాత్రి సంది ఛాతిల పట్టేసినట్టు అయితుంది. చెయ్యి గుంజుతుంది. జర నాతోని దవాఖానకు వస్తవా? ఆడ చీటీ కాడ ఏం జెప్పాల్నో నాకు తెల్వదు."

నేను చిన్నోడి మెడకు పట్టీ కడుతున్నాను. తల ఎత్తలేదు.

"చిన్నోడు రెండు దినాల సంది ముద్ద ముడ్తలేడు సుందరమ్మా. ఇప్పుడే పశువుల దవాఖానకు తోల్కపోతున్న. సోమారం పోదాం తియ్యి. గ్యాస్ అయుంటది, జర ఓమ నీళ్ళు తాగు."

"గట్లనా అమ్మా. మంచిది." ఆమె వంగి దాని తల నిమిరింది. "పాపం నోరు లేనిది. నొస్తుందని చెప్పనీకి రాదు. నేనైతే చెప్పుకుంట."

చెప్పుకుంది కదా. అప్పుడే, నాకే చెప్పింది.

కుక్కకు అజీర్ణం. ఒక సూది వేసి, మజ్జిగన్నం పెట్టమన్నారు. అంతే.

మరునాడు ఆదివారం. ఆరాధన చివర్లో మా పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు చెప్పమన్నారు. నేను లేచి, "మా చిన్నోనికి ఒంట్లో బాగా లేదు, అందరూ ప్రార్థన చేయండి" అన్నాను. కావాలని మోసం చేయలేదు. ఇంట్లో అనే మాటే నోటికొచ్చింది. కానీ అయ్యగారు కళ్ళు మూసుకుని, ఆ పసివాడి తల మీద నీ చెయ్యి ఉంచు ప్రభువా అని మొదలుపెట్టగానే అర్థమైంది, అందరూ నా చిన్న మనవడనుకుంటున్నారు. అప్పుడు లేచి, అయ్యా, అది కుక్క అనొచ్చు. నలుగురు నవ్వేవాళ్ళు, అయిపోయేది. నేను అనలేదు. బడిలో పిల్లలు అబద్ధమాడితే గోడ కుర్చీ వేయించిన మనిషిని, తల వంచుకుని కూర్చున్నాను.

ఆ చర్చిలో అసలు సంగతి తెలిసిన మనిషి ఒక్క సుందరమ్మే. ముందు చాప మీద ఉంది. నాకంటే ముందు ఆమె చెయ్యి సగం లేచి ఉండటం నేను చూశాను. తన మనవి చెప్పుకోవాలనే లేపింది. పసివాడనే మాట వినగానే ఆ చెయ్యి దిగిపోయింది. వెనక్కి తిరిగి నన్ను ఒకసారి చూసి, మోకాళ్ళ మీద వంగి, అందరితో పాటు నా కుక్క కోసం ప్రార్థన చేసింది. తనది చెప్పుకోనే లేదు.

సోమవారం తెల్లవారి పాలవాడు పిలిస్తే సుందరమ్మ పలకలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

సమాధి దగ్గర ఎవరో, పక్కింట్లో ఉండి కూడా టీచరమ్మ చూసుకోలేదా అని గొణిగారు. అయ్యగారే అడ్డుపడ్డారు. "ఊకోండ్రి, ఆమె పిల్లగానికి బాగలేక పరేషాన్ల ఉండె" అన్నారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపాను. ఒకామె నా చెయ్యి పట్టుకుని చిన్నోడికి ఎలా ఉందని అడిగింది. బాగున్నాడన్నాను. సమాధి మీద మట్టి ఇంకా తడిగా ఉంది.

చిన్నోడు ఆ తర్వాత అయిదేళ్ళు బతికాడు. వాడి తప్పేముంది? మూగజీవాలను కూడా దేవుడే చేశాడు, చూసుకోమని మన చేతిలో పెట్టాడు. వాడి మీద ప్రేమ పాపమని నేను ఇప్పటికీ అనుకోను. కానీ దేవుడు తన పోలికలో చేసుకున్నది సుందరమ్మను. అది బడిలో, ఆదివారం పాఠాల్లో ఎంతమంది పిల్లలకు చెప్పానో. ఆ పోలిక వచ్చి నా గుమ్మంలో నిలబడితే తల ఎత్తి చూడలేదు. వెంటనే తీసుకెళ్తే బతికేదా? తెలియదు. ఆ తెలియకపోవడం వెనక దాక్కోవాలని కూడా చూశాను, కుదరలేదు.

పోయిన నెల ప్రభువు బల్ల దగ్గర, తప్పు ఒప్పుకోని మనిషి ముట్టకూడని ఆ రొట్టె పళ్ళెం నా ముందుకొస్తే తీసుకోకుండా పక్కామెకు అందించాను. ఒంట్లో బాగా లేదా అని అడిగింది. అవునన్నాను. ఇంకో అబద్ధం.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆ పని చేయగలిగిన మనిషి ఇప్పుడు లేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి, అంతే. ఆ ఆదివారం నేను ప్రార్థన చేయించింది కుక్క కోసం. ఆ శనివారం ముందు దవాఖానకు తీసుకెళ్ళాల్సింది సుందరమ్మను. కుక్క ఆగగలదు. ఆమె తలుపు పట్టుకుని నిలబడ్డప్పుడే అది నాకు తెలుసు.

చెప్పేశాను. మనసు తేలికపడింది. తేలికపడినందుకు కూడా సిగ్గుగానే ఉంది.