పేరు రాయొద్దన్న కాగితం

టర్మ్ అయిపోగానే మా అనాటమీ పిల్లలకు ఒక కాగితం ఇస్తాం. పాఠం ఎలా ఉంది, ఏం మార్చాలో రాయండి, పేరు మాత్రం రాయొద్దు అంటాం. ఇన్నేళ్ల సర్వీసులో ఆ కాగితాలు కట్టగట్టి బీరువాలో పెట్టడమే తప్ప నేను చదివింది తక్కువ. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ.

ఆ ఏడు ఒక కాగితం మాత్రం కంటబడింది. శవం చెయ్యి కోసిన రోజు ఆ అరచేతిలో కాయలు చూశానని, మగ్గం తాడు లాగే తన తాత చెయ్యీ అలాగే ఉంటుందని రాసి ఉంది. కోసేముందు ఆ మనిషి ఏం పని చేసేవాడో ఒక్క మాట చెప్పమని, లేకపోతే కత్తి పట్టుకోలేకపోతున్నానని.

నేనూ నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాణ్నే. అదే చెయ్యి గంటసేపు పట్టుకుని నరాలు చూపించాను. కాయలు నా కంటికి ఆనలేదు. సిగ్గేసింది, ఆ సిగ్గే కోపమైంది. మరునాడు క్లాసులో ఆ కాగితం గట్టిగా చదివి, "ఇది డిసెక్షన్ హాలా, చుట్టాలిల్లా?" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వుతూనే మూడో వరసకేసి తిరిగారు. ఆ క్లాసులో మగ్గం ఇంటి నుంచి వచ్చింది అక్కడ కూర్చునే పళ్ళిపట్టు ఊరి అమ్మాయి ఒక్కతే.

అప్పట్నుంచి "మీ తాత పిలుస్తున్నాడు" అని ఏడిపించారట. ఆమె హాలుకు రావడం మానేసింది. హాజరు చాలక పరీక్షకు కూర్చోనివ్వలేదు. ఆ లిస్టు మీద సంతకం నాదే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. బీరువాలోని కాగితాలన్నీ తీసి చదివాను. కత్తి పెట్టేముందు ఆ మనిషి వయసు, చేసిన పని చెప్పడం మొదలుపెట్టాం. కత్తి పట్టలేనివాళ్ల పక్కన నిలబడి మొదటి గాటు నేనే పెట్టిస్తున్నాను. కొత్త పిల్లలు బాగుందని రాశారు.

అప్పుడు తిరుత్తణిలో బస్సెక్కి పళ్ళిపట్టు పోయాను. వాళ్ల నాయన మగ్గం ఆపి కాఫీ ఇప్పించాడు. అమ్మాయి గడప దగ్గర నిలబడింది. హాల్లో మార్చినవన్నీ చెప్పి, మళ్లీ చేరమన్నాను.

"మంచిది సార్. కొత్త పిల్లోళ్లకైనా ఉపయోగపడతాది," అంది.

"నువ్వు?"

"ఆ కాగితం రాసేముందు మూడు దినాలు యోచన చేసినా సార్. మీరూ మగ్గం ఇంటోరే కదా, మీకైతే అర్థమవుతాదని రాసినా."

వాళ్ల నాయన మళ్లీ మగ్గం దగ్గరికి పోతూ, "అయిదుకు బస్సుందయ్యా," అన్నాడు.