మామ మోటారు ఆపించిన రోజు

నా చిన్నప్పుడు బాన్సువాడ ఫైర్ స్టేషన్‌కు మా మేనమామే పెద్ద. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఉన్నది ఒకటే బండి. పైనుంచి వచ్చే డీజిల్ చాలక, ప్రాక్టీసుకు ఆయన బండి తీయనిచ్చేవాడు కాదు. పైపులు చుట్టించేవాడు, నిచ్చెనలు ఎక్కించేవాడు. ఆ తర్వాత ఎర్రటి ఎండలో చెయ్యి పైకెత్తేవాడు. అంతే, అంతమంది మగవాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి, కళ్ళు మూసుకుని దేన్నో వింటూ నిలబడేవారు. సద్ది ఇవ్వడానికి వెళ్ళి ఆ నిశ్శబ్దంలో చిక్కుకుంటే నాకు ఒళ్ళు జలదరించేది. గిదేంది మామా అంటే, "దీనికి డీజిల్ ఖర్చు లేదు బిడ్డా" అని నవ్వేవాడు.

మా ఇల్లు ఊరి చివర, పొలాల అంచున ఉండేది. వరికోతలయ్యాక ఒక మధ్యాహ్నం ఎవరో కొయ్యకాళ్ళకు నిప్పు పెడితే, గాలి మళ్ళి మా గడ్డివాము అంటుకుంది. అక్కడినుంచి కొట్టం, కొట్టం నుంచి ఇల్లు. పట్టపగలే చీకటి కమ్మింది. నల్లటి బూడిద మెల్లగా తలల మీద రాలుతోంది. నేనూ, మా అమ్మను కన్న అవ్వా బయటపడ్డాం కానీ తమ్ముడు కనిపించలేదు. వాడికి అప్పటికి బడి ఈడు కూడా రాలేదు.

బండి వచ్చింది. మామ ముఖానికి తడిగుడ్డ చుట్టుకుని లోపలికి వెళ్ళాడు. పొగలోంచి వాడి పేరు పెట్టి పిలుస్తున్న ఆయన గొంతు మాకు వినబడుతూనే ఉంది. బదులు లేదు. ఒట్టి చేతులతో బయటికొచ్చి, చెయ్యి పైకెత్తాడు.

మోటారు ఆగింది. గోడ మీద పడుతున్న నీళ్ళు ఆగాయి.

"ఇల్లు కాలుతుంటే నీళ్ళు బంద్ చేస్తవేంది, పిచ్చి లేసిందా?" అని పక్కింటాయన మీదికొచ్చాడు. మామ, శోకాలు పెడుతున్న అవ్వ నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టాడు, సొంత తల్లి నోటికి. ఆ క్షణం ఆయనంటే నాకు అసహ్యం వేసింది.

అందరూ ఊరుకున్నారు. వాసాలు చిటచిటలాడుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది. చాలాసేపటికి, ఆ చప్పుడు వెనకనుంచి ఒక ఎక్కిలి వినిపించింది. మళ్ళీ ఇంకొకటి. మామ సూటిగా వెనకగదిలోని ఖాళీ వడ్ల గుమ్మి దగ్గరికి పోయి, అందులోంచి వాడిని చంకనేసుకుని వచ్చాడు. అప్పుడు గానీ నీళ్ళు వదలమనలేదు.

ముఖం లేనిది ఏదో ఇల్లంతా తిరుగుతూ తన పేరు పిలిచిందనీ, దొరకకూడదని నోరు మూసుకున్నాననీ తమ్ముడు ఆ సాయంత్రం చెప్పాడు. మామ వాడి తల నిమురుతూ నాతో, "భయపడ్డోళ్ళు పిలిస్తే పలకరు బిడ్డా. మనమే సప్పుడు బంద్ చేసి వినాలె" అన్నాడు.

ఇప్పుడు తమ్ముడికీ జుట్టు నెరిసింది. బిచ్కుందలో ఉంటాడు. మరదలు పోయినప్పటి నుంచి ఒంటరి. ఫోన్ చేసేముందు నేను టీవీ కట్టేస్తాను, ఫాను కూడా ఆపుతాను. మా కోడలికి నా తిక్క చూస్తే నవ్వు. ఆమధ్య ఒక పొద్దున, "మంచిగనే ఉన్న అక్కా, ఏం ఫికర్ చెయ్యకు" అన్నాడు. మాటలు బాగానే ఉన్నాయి, మాటకూ మాటకూ మధ్య ఊపిరే సరిగా లేదు. ఇంకేమీ అడగకుండా ఆటో ఎక్కాను. వాడి గుమ్మం ముందుకు చేరి, పేరు పెట్టి పిలవబోయి ఆగాను. తలుపుకు చెవి ఆనించాను. లోపల వాడు నోరు మూసుకుని ఏడుస్తున్నాడు.