చదివి వినిపించగా విని నవ్వినారు

మా బావ పోయాడు. తెర్లాంలో బస్సు ఆగి ఉండగా అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఎల్లిపోనాడే," అంది. అప్పుడే ముగ్గురు బస్సెక్కారు. ఫోను సంచిలో పడేసి, ముగ్గురికీ టికెట్లు కొట్టి, రైట్ అన్నాను. రాజాం దాకా నా పని నేను చేసుకుంటూ వెళ్లాను. డ్రైవరు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

పోయారు అని రాయాలని నాకూ తెలుసు. కానీ అక్క పెళ్లి నాటి నుంచి నువ్వు అని పిలిచిన మనిషిని, పోయాడు కదా అని ఇప్పుడు మీరు అనలేను. ఒక ఏడేళ్లు మాత్రం అన్నాను. అది గౌరవంతో అన్నది కాదు.

ఈ పత్రికలో ఈ పేజీ చదివేవాళ్లకి నేను కొత్తదాన్ని కాను. బావ వ్యాసాల్లో "మా మరదలు" అని ఒకావిడ వస్తుండేది చూడండి, అప్పడాలు ఎండబెట్టి కాకులతో తగువు పెట్టుకునేది, సినిమా హాల్లో విలన్ని పేరు పెట్టి తిట్టేది, ఆవిడని నేనే. కాకులతో తగువు నిజం. విలన్ని తిట్టింది నేను కాదు, మా అక్క. అక్క పేరు రాస్తే ఇంట్లో అన్నం దొరకదని నా మీద పెట్టాడు. అప్పుడు నేనే సరే అన్నాను.

ఆ సరే అనడం దగ్గరే బావ పద్ధతి ఉంది. ఆయన వృత్తి దస్తావేజులు రాయడం. బొబ్బిలిలో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా, రేకుల పంచలో ఒక బల్ల, ఒక బెంచీ, చెక్కపెట్టె. పొద్దున్నుంచీ తూర్పు ఫలానావారి జిరాయితీ, పడమర రస్తా, ఉత్తరం చెరువు గట్టు అని హద్దులు రాసేవాడు. కంప్యూటర్లు వచ్చాక కూడా ముందు చేత్తోనే చిత్తు రాసి, పార్టీలని బెంచీ మీద కూర్చోబెట్టి పైకి చదివేవాడు. చదివి వినిపించకుండా ఎవరి చేతా సంతకం పెట్టించలేదు. చదువు రాని రైతుకైతే రెండుసార్లు చదివేవాడు.

రాయడం మొదలైంది కొత్తవలస స్టేషన్లో. విశాఖ నుంచి విజయనగరం వస్తూ అక్కడ టీకి దిగి, గ్లాసు పట్టుకుని కబుర్లలో పడి, తిరిగి ఎక్కేటప్పుడు కిరండూల్ వెళ్లే బండెక్కాడు. సొరంగాలు వస్తున్నాయేమిటని పక్కవాడిని అడిగితే, అరకు వస్తోంది కాబట్టి అన్నాడట. ఇంటికి వచ్చాక అక్కకి సంజాయిషీ చెప్పే ధైర్యం లేక, దస్తావేజు భాషలో రాసి చదివాడు. అక్క కోపంగా వినడం మొదలుపెట్టి, మధ్యలో తలుపు పట్టుకుని నవ్వింది. ఆ కాగితం అడుగున బావ ఒక వాక్యం రాశాడు. "పై సంగతులు యావత్తూ చదివి వినిపించగా విని, సమ్మతించి నవ్వినారు." దాని కింద అక్క సంతకం, పక్కన సాక్షిగా నాది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ల పైచిలుకు ఈ పత్రికకి వారం వారం అదే వరస. ఎవరి మీద రాస్తే వాళ్ల దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్లేవాడు. మంగలి షాపుకి, కిరాణా కొట్టుకి, వీణలు చేసే మేస్త్రి ఇంటికి. వాళ్లు వద్దన్న ముక్క కొట్టేసేవాడు. నవ్వకపోతే మొత్తం చింపేసేవాడు. మొహమాటానికి నవ్వితే పట్టేసేవాడు కూడా. "పళ్లు నవ్వినాయి గాని పొట్ట కదల్నేదు. దొంగ నవ్వుకి సంతకం సెల్లదు," అనేవాడు. మంచి మంచి వ్యాసాలు అలా పోయాయి. నేను ఒకసారి పొయ్యి దగ్గర ముక్కలు ఏరి అతికించబోతే చేతిలోంచి లాక్కున్నాడు.

ఒక్కసారి మాత్రం ఆ రూలు తప్పాడు. ఆ ఒక్కసారి వ్యాసం నా మీదే.

అప్పటికి మా ఆయన పనిచేసే జూట్ మిల్లు మూతపడింది. ఇద్దరు ఆడపిల్లల చదువు, ఇంటి తిండి, అన్నీ నా కండక్టరు ఉద్యోగం మీదే. ఒకరోజు తెర్లాం దగ్గర ఒక అవ్వ సంచిలోంచి కోడిపుంజు తప్పించుకుంది. బస్సు ఆపాను. డ్రైవరు, నేను, పదిమంది ప్రయాణికులు చేలోకి దిగి దాన్ని పట్టాం. ఆ సంగతి నేనే బావకి చెప్పాను. చెప్తున్నప్పుడే ఆయన కళ్లలో వ్యాసం తయారవడం చూశాను.

ఆ వారమంతా నాకు జాతర స్పెషల్ డ్యూటీలు. ఎడిటరు ఫోన్ మీద ఫోన్. బావ నాకు వినిపించకుండానే పంపేశాడు. జనం పడీ పడీ నవ్వారట. అందులో ఒక వాక్యం ఉంది. "కోడి హడావుడిలో మా మరదలు అవ్వకి టికెట్టు కొట్టడం మరిచిపోయింది, దిగేటప్పుడు అవ్వ ఆమెని దీవించి కోడికూర పంపుతానంది." చదివేవాళ్లకి అది ఏమీ కాదు. కండక్టరుకి మాత్రం అది మెడకి ఉరి. బస్సులో టికెట్టు లేని మనిషి దొరికితే ఉద్యోగం పోయినవాళ్లని చూశాను నేను.

ఎవరో పుణ్యాత్ములు ఆ పేజీ కత్తిరించి డిపోకి పంపారు. విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. పెద్దది కాలేజీ ఫీజు మాట ఎత్తడం మానేసింది. బావ రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు, నేను లోపల గిన్నెలు తోముతూ ఉండేదాన్ని.

విచారణ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆఫీసరుగారి బల్ల మీద ఆ పేపరు ముక్క, "మా మరదలు" కింద ఎర్రగీత.

"మీరు రాసింది నిజమా, అబద్ధమా? ఒక్క మాటలో చెప్పండి," అన్నారాయన.

బావ ఊరంతా ఒక మాట చెప్పుకుని తిరిగేవాడు, నేను పెద్దది చేసి రాస్తానేమో గానీ లేనిది రాయను అని. ఇప్పుడు నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. ఆ రెక్కలు తిరిగినంతసేపూ నా పిల్లల మొహాలే కనిపించాయి.

"అబద్ధమండి."

"ఎందుకు రాశారు?"

"ఆ పేరాలో నవ్వు తగ్గిందండి."

ఆఫీసరుగారు నవ్వలేదు. అదే రాసివ్వమన్నారు. జీవితమంతా ఒక్క కొట్టివేత లేకుండా దస్తావేజులు రాసిన చెయ్యి, ఆ నాలుగు లైన్లలో రెండు చోట్ల కొట్టివేసింది. టికెట్ల మిషను రికార్డు తీసి చూస్తే అవ్వ టికెట్టు ఉంది, తెర్లాం దాటకముందే కొట్టాను. నెల తిరగకముందే మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. ఆ తర్వాతి వారం పత్రికలో బావ తాను రాసింది అబద్ధమని ఒప్పుకున్నాడు. అయితే అన్నీ అబద్ధాలేనా అని పాఠకులు ఉత్తరాలు రాశారట, అది ఆయనకి బాగా తగిలిందని అక్క చెప్పింది.

కానీ డిపో గేటు దగ్గరే నేను మాట తెంపేశాను.

"నవ్వు తగ్గినాదని నా కూటి మీద రాసీసినావా బావా? ఒక్కసారి సదివి ఇనిపించుంటే ఆ ఒక్క ముక్క కొట్టీమనీదాన్ని కదా."

"ఎడిటరు తొందర పెట్టీసినాడే. నువ్వు సూస్తే జాతర డ్యూటీలోన..."

"ఊరందరికీ సదివినావు. నాకే సదవనేదు. ఇంక మీరు ఎల్లండి."

మీరు అనగానే ఆయన మొహం ఎలా అయిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అయినా నేను దిగిరాలేదు. పెళ్లిళ్లలో, పురుళ్లలో ఎదురుపడితే "భోంచేశారా" అని అడిగి పక్కకి పోయేదాన్ని. ఆయన వ్యాసాల్లో మరదలు కనిపించడం మానేసింది. ఎవరో అడిగితే "బదిలీ అయినాది" అన్నాడట.

ఆడవాళ్లకి బస్సు ఉచితం అయ్యాక కొద్ది వారాలకి, ఒక మంగళవారం బావ నా బస్సెక్కాడు. డోరు పక్కన మొదటి సీట్లో కూర్చున్నాడు. చొక్కా జేబులో మడిచిన కాగితం.

"రాజాం ఒకటి. నీకోటి సదవాలి, ఇంటావేటి?"

"డ్యూటీలో ఉన్నానండి. టికెట్టు తీసుకోండి."

తర్వాతి మంగళవారం మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతిదీ. రాజాం దాకా రావడం, అదే బస్సులో తిరిగి రావడం. ఒకసారి పక్క సీటాయనకి చదువుతున్నట్టు గట్టిగా మొదలుపెట్టాడు. ముందు సీట్లవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. నా చెవిన పడుతుందేమోనని నేను వెనక్కి వెళ్లిపోయి, స్టాపు రాకుండానే రండి రండి, దిగండి అని కేకలు పెట్టాను. ఆయన చదవడం ఆపేశాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎంత పొగరు నాకు! ఐదు నిమిషాలు వింటే నా సొమ్మేం పోయేది?

పండగలు దాటాక ఒక మంగళవారం రాలేదు. బుధవారం తెలిసింది, పక్షవాతం వచ్చి విజయనగరం ఆసుపత్రిలో ఉన్నాడని. నేను వెళ్లేసరికి మాట లేదు, కుడిచెయ్యి లేదు. కళ్లు మాత్రం బావవే. అక్క తలగడ కింద నుంచి ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

"నీకోసరమే రాసినాడు. నువ్వే సదువు, ఆయన ఇంటాడు."

పైన "సవరణ దస్తావేజు" అని ఉంది. దస్తావేజులో తప్పు దొర్లితే దిద్దుతూ రాసే కాగితాన్ని అలా అంటారు. నేను చదివాను. "లోగడ అవ్వకు టికెట్టు లేదని రాసియుంటిని. అది అబద్ధమని డిపోలో ఒప్పుకొంటిని. ఇప్పుడు ఆడవారందరికీ బస్సు ఉచితమైనందున, అది అబద్ధము కాదనియు, ఏడేళ్లు ముందుగా రాసిన నిజమనియు తెలియవలెను. ఇకమీదట మా మరదలు ఏ అవ్వకూ టికెట్టు కొట్టనక్కరలేదు. కావున ఆమె నాతో మాట్లాడుటకు ఎట్టి అభ్యంతరమూ ఉండరాదు." అడుగున మామూలు వాక్యం, దాని కింద నా సంతకానికి ఖాళీ. సాక్షులు అన్నచోట మనుషుల పేర్లు లేవు. మంగళవారం మంగళవారం నేను ఆయనకి కొట్టిన టికెట్లు వరసగా పిన్ను చేసి ఉన్నాయి.

బావ కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. నవ్వాలి, ఇప్పుడు నవ్వకపోతే ఎప్పుడు అనుకుని నవ్వాను. మంచి నవ్వే నవ్వాననుకున్నాను. అక్క దగ్గర పెన్ను తీసుకుని సంతకం పెట్టబోయాను. బావ ఎడమచెయ్యి దుప్పటి మీద మెల్లగా పాకుతూ వచ్చి ఆ ఖాళీ మీద బోర్లా పడింది. తీయబోతే తీయనివ్వలేదు.

మర్నాడు పొద్దున్న నేను డ్యూటీకి ఎక్కాను. తెర్లాంలో ఫోన్ వచ్చింది.

పదకొండో రోజున ఎడిటరుగారు వచ్చి ఆఖరి వ్యాసం ఇమ్మన్నారు. సంతకం కాలేదండి, ఇవ్వలేనన్నాను. ఆయన అక్క వైపు చూశారు. "ఆయన రూలు మనం తప్పితే ఎలాగండి," అంది అక్క. అయితే నాలుగు ముక్కలు నువ్వే రాయమ్మా అని ఆయన వెళ్లిపోయారు. ఈ నాలుగు ముక్కలూ రెండు వారాలుగా రాస్తూ, కొట్టేస్తూ ఉన్నాను. ఆ కాగితం నా సంచిలోనే ఉంది. చూడాలంటే భయమేసేది. నవ్వు రాకపోతే అది చింపాలి, చింపడం నా చేత కాదు.

మొన్న బొబ్బిలి బస్సు కాంప్లెక్సులో ఒక అవ్వ ఎక్కి డోరు పక్క సీట్లో కూర్చుంది. ఆధార్ చూసి జీరో టికెట్టు కొట్టి ఇచ్చాను. తీసుకోలేదు.

"ఊరికేనన్నారు కదే తల్లీ, మరి కాయితమెందుకు?"

"ఊరికే అయినా కొట్టాలమ్మా. నువ్వు టికెట్టు నేకుండా దొరికితే రేపు నాకు మెమో..."

ఆ మాట నోట్లో ఉండగానే ఆగిపోయాను. సంచిలోంచి కాగితం తీసి చూశాను. ఉంది. ఇకమీదట ఏ అవ్వకూ టికెట్టు కొట్టనక్కరలేదు! సవరణ దస్తావేజులోనూ అదే తప్పు. ఇది గనక అచ్చయి ఉంటే, అదే పుణ్యాత్ములు కత్తిరించి పంపితే, అదే డిపోలో, అదే ఫ్యాను కింద మళ్లీ నేను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మళ్లీ బావ.

"ఒరే బావా, మళ్లీ మెమో తెప్పించీవోడివి కదురా!"

పైకే అనేశాను. నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో, కడ్డీ పట్టుకుని వంగిపోయాను. పొట్ట నొప్పి పుట్టింది, కళ్లు కారిపోతున్నాయి, ఊపిరి అందలేదు. అవ్వ హడలిపోయి టికెట్టు తీసేసుకుంది. డ్రైవరు బస్సు స్లో చేసి ఏటైంది మేడం అన్నాడు. పోనీ, పోనీ అని చేత్తో చెప్పాను.

అవ్వ పక్కన కూర్చుని, ఆ ఒక్క వాక్యం కొట్టేసి, పైన "కొట్టవలెను, జీరో" అని రాశాను. అడుగున సంతకం పెట్టాను. బస్సు కుదుపుకి సగం పైకి, సగం కిందికి పోయింది.

ఆ కాగితం ఎడిటరుగారికి ఇచ్చేశాను, ఈ పక్కనే అచ్చు వేస్తామన్నారు. ఇచ్చేముందు సాక్షుల చోట మరోసారి చూశాను. మా మిషను కాగితం మీద అక్షరాలు నిలవవు, చెమట తగిలితే వెలిసిపోతాయి. టికెట్లన్నీ తెల్లగా అయిపోయాయి. ఆఖరిదాని మీద మాత్రం వెలుగులో పెట్టి చూస్తే ఇంకా తెలుస్తోంది. బొబ్బిలి నుంచి రాజాం, పెద్దలు ఒకరు.