సత్రం మెట్ల కింద దోసిలి

బౌద్ధ గుహలున్న కొండకి ఏటా పిల్లల్ని తీసుకెళ్ళే మా సోషల్ మేడమ్‌గారు, దారిలో ఓ పాత సత్రం ముందు బస్సు ఆపించేవారు. ఒకప్పుడు అక్కడ కూలిపని చేసిన వాళ్ళమ్మని మెట్టెక్కనివ్వకుండా, పైనుంచి దోసిట్లో నీళ్ళు పోసేవారట.

నేను వెళ్ళిన ఏడు, సత్రం పెద్దాయన గ్లాసు తెచ్చి, "లోపలికి రండమ్మా, కూర్చుని తాగుదురుగాని" అన్నారు.

ఆవిడ మెట్ల కిందే వంగి దోసిలి పట్టేరు. "గ్లాసొద్దండి. మా అమ్మకి పోసేవారు కదండీ, అలాగే పొయ్యండి."

పెద్దాయన గ్లాసు పక్కన పెట్టి, చెంబు తెచ్చి పైమెట్టు మీంచి వంచేరు. ఆవిడ చుక్కయినా తాగలేదు. నీళ్ళన్నీ వేళ్ళ సందుల్లోంచి నేలపాలు చేసేరు.

"అయిపోయాయమ్మా," అన్నారాయన, తలెత్తకుండా.

"ఆయ్. మళ్ళీ ఏడాది వస్తామండి."