బోర్డు మీద మూడు

ఆ లాంగ్ వీకెండ్‌లో ఏ పనీ చేయకూడదని నేను నెల ముందే తీర్మానించుకున్నాను. మా ఆయన అమ్మాయిని తీసుకుని ఈత పోటీలకి రెజైనా వెళ్ళారు. సర్రీలో ఇంట్లో నేనొక్కదాన్నే. శుక్రవారం ఉదయం కాఫీ కలుపుకుంటుంటే పక్కింటి అంకుల్ తలుపు కొట్టారు.

"అమ్మాయ్, రేపు నీకు పనేమన్నా ఉందా?"

లేదని చెప్పడమే నేను చేసిన తప్పు.

ఆయన పుట్టింది ఫిజీలో. చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళ మనవడు. ఇరవై ఏళ్ళప్పుడు కెనడా వచ్చి, యాభై ఏళ్ళు మెకానిక్‌గా బతికారు. ఆయన తెలుగులో కారు అంటే బండి, ఇంజన్ అంటే యంత్రం. మేము కొత్తగా వచ్చిన ఏడాది మా కారు చలికి మొరాయిస్తే, తడి నేల మీద పడుకుని మరీ బాగుచేశారు. అందుకని ఆయన ఏదడిగినా కాదనలేను. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కిందటేడు కంటి డాక్టర్ ఇక డ్రైవ్ చేయొద్దన్నప్పటినుంచి ఆయన డ్రైవర్‌ని నేనే. మామూలుగా అయితే కూరగాయలకీ గుడికీ. ఈసారి మాత్రం నాలుగు గంటల దూరంలో, సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరికి. ఏటా అక్కడ రెండు రోజులు వీధులు మూసేసి పాత రేసు కార్లకి పోటీ పెడతారు.

"ఒక్క రోజే కదా అంకుల్?"

"ఒక్క రోజే," అన్నారాయన. మూడు రోజులకి సరిపడా బట్టలున్న బ్యాగు అప్పటికే వాళ్ళ గుమ్మంలో ఉంది.

నాలుగు గంటల ప్రయాణం ఆరు గంటలైంది. జీపీఎస్ మాట్లాడితే ఆయనకి పడదు. నేను బ్రేకు ముందుగా తొక్కుతున్నానన్నారు, తర్వాత ఆలస్యంగా తొక్కుతున్నానన్నారు. నా వెనక టైరులో గాలి తక్కువుందని చప్పుడు బట్టి చెప్పి, రెండుసార్లు పెట్రోల్ బంకులో ఆపించారు. టైరులో గాలి సరిగ్గానే ఉంది.

ఊరి స్కూలు మైదానంలో కార్లన్నీ దిగి ఉన్నాయి. అంకుల్ ఇరవై ఏళ్ళుగా చూసుకుంటున్న కారు, స్నానాల తొట్టె కన్నా కొంచెం పెద్దది, ముదురు ఆకుపచ్చ రంగుది. వెనకటికి రేసు కార్లకి ఇంజన్ ముందుండేదట. దాన్ని తీసి డ్రైవర్ వీపు వెనక పెట్టడం మొదలైన తొలి రోజుల్లో తయారైన కారు ఇది. దాని ఓనరు ఒక రిటైరైన పళ్ళ డాక్టరు, తెల్లావిడ, అరవై అయిదేళ్ళుంటాయి. ఆవిడే నడుపుతారు. అంకుల్ ఆవిడని డాక్టరమ్మ అంటారు.

శనివారం ప్రాక్టీసులో ఆవిడ తిరిగొచ్చి హెల్మెట్ తీసి, మూడో గేరు నిలవడం లేదు, జారిపోతోంది అని చెప్పారు. చలికాలమంతా కూర్చుని ఆ గేర్‌బాక్స్ విప్పి బిగించింది అంకులే. ఆయన ముఖం ఎర్రబడింది.

"గేర్‌బాక్స్ బాగానే ఉంది. చెయ్యే సరిగా పడట్లేదు," అన్నారు ఇంగ్లీషులో.

అంతే. ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే, నాతో ఉన్నాయి. అది నా ఖర్మ. యాభై ఏళ్ళు ఇంగ్లీషులో బతికిన మనిషి, ఆవిడకి రెండడుగుల దూరంలో నిలబడి, "ఆవిడకి చెప్పమ్మాయ్, టైర్లు వేడెక్కాక తొందరపడమని," అని నాకు తెలుగులో చెప్తారు. నేను ఇంగ్లీషులో చెప్తాను. ఆవిడ నా ముఖమే చూస్తూ, "సరేనని ఆయనకి చెప్పు," అంటారు. ఆయన తల ఊపుతారు, నేను నోరు తెరవకముందే. ఆదివారం మధ్యాహ్నానికి నాకు తలనొప్పి పట్టుకుంది.

రేసు ఇరవై ల్యాపులు, అంటే ఊరి వీధుల్లో ఇరవై చుట్లు. సరస్సు వెంబడి తిన్నని రోడ్డు, లైబ్రరీ దగ్గర కుడి మలుపు, పాత పెట్రోల్ బంకు చుట్టూ వెనక్కి తిరిగే ఇరుకు వంపు, మళ్ళీ స్కూలు ముందుకి. మలుపుల్లో గడ్డి మోపులు పేర్చారు. కరెంటు స్తంభాలకి పాత టైర్లు కట్టారు. జనం సరిగ్గా ఆ స్తంభాల వెనకే కుర్చీలు వేసుకుని ఐస్‌క్రీమ్ తింటున్నారు. నాకిచ్చిన పని సిగ్నల్ బోర్డు. దాని గాడుల్లో పెద్ద పెద్ద అంకెల పలకలు తోసి, కారు వస్తుంటే స్కూలు ముందున్న పొట్టి గోడ మీంచి చూపించాలి. ఆవిడ ఎన్నో స్థానంలో ఉన్నారో, ముందున్న కారు ఎన్ని సెకన్ల దూరంలో ఉందో, చివర్లో ఎన్ని ల్యాపులు మిగిలాయో. అంకుల్ స్టాప్‌వాచ్ పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడ్డారు. చూడటం నా వంతు, వినడం ఆయన వంతు.

ఒప్పుకోకపోవడం అన్యాయం. ఆవిడ గొప్పగా నడిపారు. ముందున్న ఎర్ర కారు ఇంజన్ మా దానికన్నా చాలా బలమైంది. తిన్నని రోడ్డు మీద అది దూరంగా పోయేది. మలుపుల్లో మాది అంగుళాలు మిగిల్చి తిరిగి, మళ్ళీ దాని తోక పట్టుకునేది. నాలుగో స్థానం నుంచి మూడు, మూడు నుంచి రెండు. నాలుగు సెకన్ల తేడా మూడైంది, రెండైంది. నేను పలకలు మారుస్తూ నా తలనొప్పి సంగతే మరిచిపోయాను.

పదకొండో ల్యాపులో అంకుల్ కళ్ళు తెరిచారు.

"జారింది. విన్నావా? మూడో గేరు జారింది. లైబ్రరీ దగ్గర."

నాకు అన్నీ ఒకే రకం మోతలా వినిపిస్తున్నాయి. "అయితే ఇప్పుడేం చేద్దాం?"

"గేరు కడ్డీ జారకుండా చేత్తో పట్టుకోమను. మూడు పెట్టు బోర్డు మీద."

"ఉత్త మూడా? ఆవిడకి ఏం అర్థమవుతుంది అంకుల్?"

"గేరు అని అర్థమవుతుంది! పెట్టు, వచ్చేస్తోంది!"

పెట్టాను. మిగతా పలకలన్నీ లాగేసి, ఒక్క మూడు. ఆవిడ బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్ళిపోయారు. అంకుల్ తృప్తిగా నవ్వారు.

ఆ తర్వాత మూడు ల్యాపులు ఆవిడ తెగించి నడిపారు. వెనక చక్రం గడ్డి మోపుని రాసుకుంది. పసుపు గడ్డి గాల్లోకి లేచింది. పెట్రోల్ బంకు వంపులో ఎర్ర కారు లోపలి వైపు ఒక్క కారు పట్టే సందు వదిలితే, ఆ సందులోకి దూరిపోయారు. పద్నాలుగో ల్యాపు చివర మొదటి స్థానంలో మా ముందునుంచి దూసుకొచ్చి, గీత దాటి, చెయ్యి గాల్లోకి లేపి, కారు నెమ్మది చేశారు.

గెలిచామని అనుకున్నారు. బోర్డు మీది మూడుని, ఇంకా మూడే ల్యాపులున్నాయని చదువుకున్నారు.

రేసు ముగిసిందని ఊపే గళ్ళ జెండా లేదు. ఎర్ర కారు పక్కనుంచి రయ్యిన పోయింది. ఆవిడ హెల్మెట్ ఒకసారి మా వైపు తిరిగింది. ముఖం కనబడకపోయినా ఆ చూపు నాకు తగిలింది.

"ఏమైంది? ఎందుకు స్లో చేసింది?" అని అంకుల్ అరుస్తున్నారు.

"మీ మూడు వల్ల!" అని నేనూ అరిచాను. గాడుల్లో ల్యాపుల పలక, ఆరు అంకె పెట్టి, బోర్డుని గోడ మీద బాదినట్టు పట్టుకున్నాను.

మిగిలిన ఆరు ల్యాపులూ ఆవిడ ఎడమ చేత్తో స్టీరింగు, కుడి చేత్తో గేరు కడ్డీ పట్టుకుని నడిపారు. అరిగిన టైర్లతో, వేడెక్కిన బ్రేకులతో తొమ్మిది సెకన్ల దూరాన్ని తినుకుంటూ వచ్చారు. చివరి మలుపులో రెండు కార్లూ పక్కపక్కనే తిరిగాయి. గీత దగ్గర ఎర్ర కారు ముక్కు ముందుంది. అరచేయి వెడల్పు తేడా.

ఆవిడ దిగి, గ్లవ్ తీసి, నేరుగా అంకుల్ దగ్గరికి వచ్చారు. అరచేయంతా బొబ్బలు.

"మూడా? మూడేంటి?"

"థర్డ్ గేర్!"

"మరి గేరు బాగానే ఉందన్నావుగా?"

నిన్నటి గొడవ తర్వాత మొదటిసారి వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకున్నారు. ఊరంతా వినేలా. అంకుల్ హఠాత్తుగా ఆగిపోయి, పానాలు తీసుకుని కారు వెనక కూర్చున్నారు. గంటన్నరకి గేరుని పట్టి ఉంచే ఉక్కు రింగు బయటికొచ్చింది. దాన్ని నా చేతిలో పెట్టి, "పళ్ళ అంచులు చూసి చెప్పు. పదునుగా ఉన్నాయా, గుండ్రంగానా?" అన్నారు.

"గుండ్రంగా ఉన్నాయి అంకుల్. బాగా."

ఆయన ఆవిడ వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నారు. "ఇది పాతది. కొత్తది పక్క డబ్బాలో ఉండేది. చలికాలంలో వేలితో తడిమి, బాగానే ఉందనుకుని దీన్నే మళ్ళీ బిగించినట్టున్నాను. నాకు కనపడలేదు."

"నీకు సరిగా కనపడటం లేదని నాకు తెలుసు," అన్నారావిడ. "వసంతం నుంచీ తెలుసు."

"మరి ఎందుకు ఎక్కావు?"

"వద్దంటే నువ్వు గ్యారేజీ మూసేస్తావని."

ఇద్దరూ ఒకరినొకరు మెత్తగా చూసుకుంటున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. స్తంభాల వెనక జనం కూర్చున్నారు. గేరు వదిలేసిన కారు ఆ వేగంతో ఎటు పోయేది? ఆయన రోషం కొద్దీ ఒప్పుకోలేదు, ఆవిడ జాలి కొద్దీ ఊరుకున్నారు, మధ్యలో బోర్డు పట్టుకుని నేను. సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో ఇద్దర్నీ కలిపి తిట్టాను. పెద్దవాళ్ళని అలా తిట్టడం నా జన్మలో అదే మొదలు. పక్క టెంటులో ఎవరో రేడియో కట్టేశారు. అంకుల్ పానాలు తుడవడం మొదలుపెట్టారు. డాక్టరమ్మ మాత్రం, "నిజమే," అని నా చేతికి నీళ్ళ సీసా ఇచ్చారు.

సోమవారం తిరుగు ప్రయాణంలో అంకుల్ దాదాపు రెండు గంటలు నా బ్రేకుల గురించి ఒక్క మాటా అనలేదు.

మేము బయల్దేరే ముందు, గేర్‌బాక్స్ పని వేరే ఊళ్ళో ఒకాయనకి ఇచ్చేస్తానన్నారు ఆయనే. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. చూసేవాళ్ళెవరైనా పక్కన ఉంటే చాలన్నారు. ఇద్దరూ నా వైపు తిరిగారు. ఇప్పుడు ప్రతి శనివారం ఉదయం నేను అంకుల్ గ్యారేజీలో స్టూలు మీద కూర్చుని, ప్రతి రింగూ ప్రతి పన్నూ వెలుతురులో పెట్టి చూసి, కొలతలు పైకి చదువుతాను. ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టేది నేనే. అయినా ఆయనకి నా మాట మీద నమ్మకం లేదు.

"మళ్ళీ చదువు," అంటారు.

మళ్ళీ చదువుతాను. అదే అంకె.

"ఇంకోసారి."