చప్పుడు లేని అక్షరం

దుబాయ్‌లోని కరామా నుంచి షార్జా వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన నోటుపుస్తకంలో ఒకే అక్షరాన్ని పదేపదే రాస్తున్నాడు. బొంబాయి యూదుడట.

"ఇదేం అక్షరం, చాచా?" అని హిందీలో అడిగాను.

"ఆలెఫ్. హీబ్రూలో మొదటిది. దీనికి చప్పుడుండదు, బేటా. మాట్లాడబోయే ముందు తీసుకునే ఊపిరే ఇది. చెప్పాల్సిందంతా అందులోనే ఉంటుందని మా పెద్దలంటారు."

నా చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోయింది.

అంతకు రెండేళ్ల ముందు, కరోనా రోజుల్లో, కరీంనగర్ ఆసుపత్రి నుంచి అక్క ఫోన్ చేసింది. ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. "అక్కా, ఇనవడ్తలేదే, మల్ల చెయ్యి" అని పెట్టేశాను. ఆ సాయంత్రమే ఆమె పోయింది.

పెద్దాయన ఎక్కడ దిగాడో చూడలేదు. ఇప్పుడు రాంగ్ నంబరైనా సరే, అవతలివాళ్లు పెట్టేసేదాకా నేను ఫోన్ పెట్టను.